ఆటలోని చదువు: శిశుశాలల పూర్వకథ

మూడేండ్ల బిడ్డ వాకిట గూర్చుండి మట్టిముద్దలు చేయుచున్నప్పుడు వానికింకను చదువు పట్టలేదని మనము చెప్పుకొందుము. బలపము చేతికిచ్చి పలకమీద ‘అ’ దిద్దించిననాడు చదువు మొదలయినదని తలంతుము. ఆ మట్టిముద్దయే మొదటి పాఠమని లోకమునకు నచ్చజెప్పుటకు ఇంచుమించు రెండువందల యేండ్లు పట్టినది. ఇప్పటికిని అందఱకు నచ్చినదని చెప్పజాలము. ఆ పనికి పూనుకొన్నవారిలో ఒకరు జర్మనీదేశపు అడవిసీమలో బెరిగిన తల్లిలేని బిడ్డ; ఒకరు ఇటలీదేశపు వైద్యురాలు; ఒకరు వకీలువృత్తిని విడిచిన గుజరాతీయుడు; మఱియొకరు గిరిజనుల వాడలకు బడిని మోసికొనిపోయిన మహారాష్ట్ర వనిత. వారి కథను, దానితో పెనవేసికొన్న మన వీధిబడి కథను ఈ పూట మీకు విన్నవింపదలచితిని. ఇది వట్టి పాతకథ కాదు. బిడ్డను ఊరి అంగనవాడికి పంపవలయునా, మూడవయేటనే పుస్తకముల సంచి తగిలించి పట్టణపు బస్సెక్కింపవలయునా యను ప్రశ్న నేడు ప్రతి యింటను పుట్టుచున్నది. ‘అక్కడ ఆటలే కాని చదువులేదు’ అను మాట మొదట బయలుదేరునది తఱచుగా మన అరుగులమీదినుండియే.

మొదట మన యింటి సంగతి చెప్పెదను. 1822లో చెన్నపురి గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలయందు బడులెన్ని గలవో, చదువుకొను పిల్లలెందఱో తెలుపుడని కలెక్టర్లకు ఉత్తరువులు పంపెను. అందులకు బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగష్టులో వ్రాసిన జవాబు మిక్కిలి విపులమైనది. ఈ క్యాంబెల్ తెలుగు నేర్చిన దొర. 1816లోనే మన భాషకు ఇంగ్లీషున ఒక వ్యాకరణమును అచ్చువేయించినవాడు. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురము సీమయు చేరియుండెను. బడులు 533, పిల్లలు 6,641 మంది యని ఆయన లెక్క చూపెను. లెక్కతో నిలువక, బడి నడచు తీరునుగూడ కన్నులకు గట్టినట్లు వ్రాసెను.

అయిదవయేట బిడ్డను బడిలో వేయుదురట. పంతులును పిల్లలును ఆ బిడ్డ యింటికి వచ్చి వినాయక ప్రతిమచుట్టును గూర్చుందురు. పంతులు బిడ్డచేత ప్రార్థన చెప్పించి, వాని వ్రేలు పట్టుకొని బియ్యములో దేవునిపేరు వ్రాయించును. అటుపిమ్మట బడిలో ఇసుకమీద వ్రేలితో అక్షరములు దిద్దుట. ఉదయము ఆఱుగంటలకే బడి. మొదట వచ్చినవాని చేతిమీద సరస్వతిపేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న, అనగా మెప్పును లేదు, తప్పును లేదు, మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలవవానికి రెండు, ఆపై వచ్చినవారికెల్ల ఒక్కొక్కటి హెచ్చు. మన పెద్దలు ‘శ్రీ’ యనియు ‘చుక్క’ యనియు చెప్పుకొనెడి మర్యాద ఈ జాతిదే.

ఇసుకలో వ్రేలితో వ్రాయుటను మనము పేదతనపు గుఱుతుగా తలంచి సిగ్గుపడితిమి. పరదేశీయులు దానిని చూచి ముచ్చటపడిరి. చెన్నపట్టణమున ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమమునకు 1789 మొదలు పెత్తనము వహించిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకమీద వ్రాయుచుండుట చూచి, ఆ పద్ధతిని తన ఆశ్రమమున ప్రవేశపెట్టెను. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించుటను ఆయన ఒక శాస్త్రముగా నడిపెను. సీమకు తిరిగిపోయి 1797లో పుస్తకము వ్రాయగా, అది ‘మదరాసు పద్ధతి’ యను పేర ఇంగ్లండులో వ్యాపించినది. ఇసుక మనది, దెబ్బయు మనదే. సీమకు పోయినది ఇసుక. మనకు మిగిలినది దెబ్బ.

అయిదేండ్లు నిండకమున్ను ఏమి జరుగుచుండెనని మీరు అడుగవచ్చును. బడి లేదు; ఒడి కలదు. గుజ్జనగూళ్ళు, బొమ్మల పెండ్లిండ్లు, అచ్చనగాయలు, వామనగుంటలు, అవ్వ చెప్పు కథలు, తాత మోకాళ్ళమీది ఊయెల. అయిదేండ్లవఱకు బిడ్డను లాలింపవలయునని మన నీతికారులును చెప్పిరి. అయినను నాకు తోచినంతవఱకు, లాలనము వేఱు, విద్య వేఱు అనియే మనవారి తలంపు. ఒకటి ముగిసినపిదప రెండవది మొదలు. లాలనమునందే విద్య గలదని, దానికొక క్రమము గలదని, ఆ క్రమమును పెద్దలు చదివి తెలిసికొనవలయునని చెప్పుటకు వేఱొక దేశమున వేఱొక మనిషి పుట్టవలసివచ్చెను.

ఆయన పేరు ఫ్రీడ్రిఖ్ ఫ్రోబెల్. 1782లో జర్మనీలోని తురింగియా సీమలో ఒక క్రైస్తవ గురువునకు కొడుకై పుట్టెను. ఏడాది నిండకమునుపే తల్లి పోయెను. పదునేనవయేట అటవీశాఖ పనివానియొద్ద శిక్షకు కుదిరి అడవులలో తిరిగెను. పిమ్మట స్విట్జర్లండునందు పెస్టలోజీ యను ప్రసిద్ధోపాధ్యాయునియొద్ద 1808 మొదలు రెండేండ్లు గడపెను. బెర్లినులో ఖనిజశాస్త్ర పండితునికి సహాయకుడుగా నుండి స్ఫటికముల ఆకారములను పరిశీలించెను. తల్లిలేని బాల్యము, అడవి, స్ఫటికము: ఈ మూడును ఎఱిగినగాని ఆయన చేసిన పని అర్థము కాదు. 1837లో బ్లాంకెన్‌బర్గ్ అను చిన్నయూర పసిపిల్లల ఆటలకై ఒక శాల తెఱచి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరుపెట్టెను. పిల్లలతోట యని దాని యర్థము. తోటమాలి మొలకను పట్టి పైకి లాగడు గదా! నీరు పోయును, కలుపు తీయును, ఎండ తగులనిచ్చును. నేటి పట్టణములలో ‘కేజీ’ యని పిలుచు తరగతుల పేరు ఇదియే. ఆ పేరు పెట్టుకొని మొలకను లాగువారు మాత్రము అనేకులు.

ఫ్రోబెలు ఆటవస్తువులకు ‘కానుకలు’ అని పేరు. మొదటి కానుక ఉన్నితో అల్లిన ఆఱు రంగుల ఆఱు బంతులు, దారము కట్టినవి. బంతి వచ్చినది, పోయినది, దాగినది, మఱల వచ్చినది: ఒడిలోని బిడ్డకు ఇది చాలును. రెండవది కఱ్ఱతో చేసిన గోళము, ఘనము, స్తంభము. గోళము ఎటు త్రోసిన అటు దొర్లును. ఘనము పెట్టినచోట కూర్చుండును. స్తంభము నిలుచుండనేర్చును, దొర్లనునేర్చును. ఎవరును చెప్పకుండగనే బిడ్డ వ్రేళ్ళకు ఈ భేదము తెలియును. మూడవ కానుక ఒక ఘనమును ఎనిమిది చిన్న ఘనములుగా కోసినది. దానితో కుర్చీ కట్టవచ్చును, మెట్లు కట్టవచ్చును, గోడ కట్టవచ్చును. ఒక నియమము: ముక్కలన్నియు వాడవలయును, కట్టినదానిని కూలద్రోయక, కదిలించి మఱియొకటిగా మార్చవలయును. ఎనిమిదిలో సగము నాలుగు, దానిలో సగము రెండు, అన్నియు గూడిన మఱల ఒక్కటి. అర, పావు, అరపావు అను లెక్క పలకమీదికి రాకముందే చేతిలోనికి వచ్చినది. మన ఏటికొప్పాక పనివారు అంకుడుకఱ్ఱను చట్రముమీద తిప్పి లక్కపూసి చేయు గుండ్రని బొమ్మలను చూచినప్పుడెల్ల ఫ్రోబెలు రెండవ కానుక నాకు జ్ఞప్తికి వచ్చును. వస్తువు మనకును గలదు. దానిని బడిలో పెట్టవలయునన్న ఊహ మాత్రము మనకు రాలేదు. అమెరికాలో పేరుమోసిన శిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ తన నిర్మాణములకు మూలము బాల్యమున తల్లి తెచ్చియిచ్చిన ఈ కఱ్ఱముక్కలే యని చెప్పుకొనెను.

ఇంత సాధువైన పనికి రాజ్యము భయపడినదన్న మీరు నమ్మరు. 1851 ఆగష్టు 7వ తేదీన ప్రష్యా ప్రభుత్వము పిల్లలతోటలను నిషేధించినది. అవి నాస్తికత్వమును, సామ్యవాదమును బోధించునని విద్యామంత్రి ఫాన్ రౌమర్ నింద. అసలు సంగతి యేమనగా, ఫ్రోబెలు అన్నకొడుకు కార్ల్ ఫ్రోబెల్ వ్రాసిన వ్రాతలను చూచి ఈయనకు అంటగట్టిరి. వృద్ధుడు ఎంత మొఱపెట్టినను వినలేదు. మఱుసటి యేట, 1852 జూనులో, నిషేధము తొలగకుండగనే ఆయన కన్నుమూసెను. అది తొలగినది 1860లో. ఈలోగా ఆయన భావములు నేర్చిన స్త్రీలు దేశదేశములకు పోయిరి. మార్గరెట్ షుర్ట్స్ అను నామె 1856లో అమెరికాలో వాటర్‌టౌన్ అను ఊర తన యింటనే పిల్లలతోట పెట్టెను. పిడికిట బట్టి అణచబోయిన విత్తులు వ్రేళ్ళసందులనుండి జారి నాలుగుదిక్కుల మొలచినట్లయ్యెను. అయితే శిష్యులలో పలువురు గురువును మించిన నియమస్థులైరి. ‘ఇప్పుడు అందఱు మొదటి ముక్క తీయుడు, ఇప్పుడు రెండవది’ యని ఆటను గూడ కవాతుగా మార్చిరి. గొప్పవారి భావములకు ఈ గతి పట్టుట క్రొత్త కాదు.

రెండవ ఘట్టము రోమునగరము. మరియా మాంటిసోరి 1870లో పుట్టెను. 1896లో రోము విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను. బుద్ధిమాంద్యము గల పిల్లలకు చికిత్స చేయుచు, వారికి కావలసినది మందుకంటె చేతిపని యని కనుగొనెను. ఇటార్, సెగ్విన్ అను ఫ్రెంచివైద్యుల గ్రంథములు ఆమెకు దారి చూపినవి. 1907 జనవరి 6వ తేదీన సాన్ లొరెన్జో అను పేదపేటలో ‘పిల్లల యిల్లు’ తెఱచెను. ఆ పేటలోని యిండ్లను బాగుచేయించిన సంఘమువారికి ఒక చిక్కు వచ్చియుండెను: తలిదండ్రులు కూలికి పోగా పిల్లలు గోడలు మెట్లు పాడుచేయుచుండిరి. వారినొక గదిలో చేర్చి చూచుకొనుటకు మనిషి కావలసెను. అనగా, గోడల సున్నము కాపాడుటకై మొదలైన పని లోకమున విద్యాపద్ధతినే మార్చినది.

ఆమె వాడిన వస్తువులలో ఒకదానిని వర్ణించెదను, మిగిలినవి దీనివంటివే. పొడుగైన కఱ్ఱదిమ్మకు పది గుంటలు, ఆ గుంటలకు సరిపడు పది గుండ్రని కొయ్యలు, కొయ్య తలపై చిన్న పిడి. బిడ్డ అన్నిటిని తీసి కలిపి, ఏది ఏ గుంటదో చూచి పెట్టవలయును. తప్పుగా పెట్టినచో చివఱ ఒక కొయ్య మిగిలిపోవును, లేదా గుంటలో పట్టదు. ‘తప్పు’ అని పంతులు చెప్పనక్కఱలేదు, కొయ్యయే చెప్పును. కోపములేని గురువు! పిడిని మూడువ్రేళ్ళతో పట్టుటవలన బలపము పట్టుటకు వ్రేళ్ళు సిద్ధమగుచున్నవి. మూడేండ్ల బాలిక యొకతె ఈ పనిలో మునిగియుండగా, మాంటిసోరి మిగిలిన పిల్లలచేత చుట్టును పాటలు పాడించెను. ఆ పిల్లను కుర్చీతోకూడ ఎత్తి బల్లమీద పెట్టించెను. పిల్ల కొయ్యలను ఒడిలో పెట్టుకొని తన పని తాను చేసికొనుచుండెను. నలువదికి పైగా మార్లు చేసి, నిదురలేచినట్లు తల యెత్తి నవ్వినదట. మూడేండ్ల బిడ్డకు మనసు నిలువదని మనము చెప్పు మాటకు ఇదియే జవాబు. నిలువనిది మనము నిలుపబోయిన చోట. తాను కోరిన చోట నిలుచును.

అక్షరముల సంగతి మనకు మఱింత ముఖ్యము. ఆమె గరుకుకాగితముతో అక్షరములు కత్తిరించి అట్టలమీద అంటించెను. పిల్లలు కన్ను మూసికొని గూడ వ్రేలితో వానిని తడవి తెలిసికొనెడివారు. ఒకనాడు పొగగొట్టము బొమ్మ గీయుమని సుద్దముక్క యిచ్చినంత, ఒక బాలుడు గీసి, ‘నాకు వ్రాయ వచ్చును!’ అని కేకవేసి, నేలమీద ‘చేయి’, ‘పొగగొట్టము’, ‘ఇంటికప్పు’ అను మాటలు తన భాషలో వ్రాసివేసెను. వ్రాత నేర్పినవారు లేరు. చేయి ముందే నేర్చియుండెను. గరుకుకాగితము రోముది, ఇసుక బళ్ళారిది. చర్మముద్వారమున అక్షరము లోనికి పోవునన్న ఎఱుక రెండుచోట్లను ఒక్కటియే. భేదము ఎచ్చటనన, అచ్చట బిడ్డ తన యిచ్చవచ్చినప్పుడు తడవును. మన బడిలో దెబ్బ తప్పించుకొనుటకు తడవును.

ఒక మాట న్యాయముగా చెప్పవలయును. మాంటిసోరికి ‘ఆట’ యను పదము అంతగా రుచింపదు. బిడ్డ చేయునది ‘పని’ యనియే ఆమె పలుకును. ఆఱేండ్లలోపు పిల్లలకు రాక్షసుల కథలు, మాయల కథలు చెప్పుట ఆమెకు ఇష్టము లేదు. ఈ విషయమున నేను ఆమెను వెంబడింపజాలను. విష్ణుశర్మ పుట్టిన దేశమున నక్కయు కాకియు మాటాడని బాల్యమును నేను ఊహింపలేను.

అదృష్టవశమున మన దేశమున ఆమె పద్ధతిని తెచ్చినవాడు ఇట్టి తలంపు గలవాడే. గిజుభాయి బధేకా 1885లో కాఠియావాడున పుట్టి, వకీలుగా సంపాదించి, 1916లో భావనగరమునందలి దక్షిణామూర్తి సంస్థలో చేరెను. 1920లో అచ్చట బాలమందిరము స్థాపించెను. కొయ్యలును గరుకక్షరములును ఉంచుకొనెను. వానికి తోడు కథలు, జానపదగేయములు, నాటకములు, బంకమట్టి, తోటపని చేర్చెను. పిల్లలు ఆయనను ‘మీసాల తల్లి’ యని పిలిచిరి. పంతులుకు ఇంతకంటె గొప్ప బిరుదు నేనెఱుగను. ‘దివాస్వప్న’ మను చిన్న పుస్తకమున ఒక క్రొత్త పంతులు బడిలో చేయు ప్రయోగములను కథగా వ్రాసెను. చదువనేర్చిన ప్రతి తండ్రియు చదువదగినది. 1939 జూనులో ఆయన మరణించెను. అదే సంవత్సరము నవంబరున మాంటిసోరి స్వయముగా మన దేశమునకు వచ్చెను.

ఆమె దిగినది చెన్నపట్టణమున అడయారులోని దివ్యజ్ఞానసమాజమున. అప్పటికి వయస్సు 69. తాటాకుపందిళ్ళ నీడలో ఇంచుమించు మూడువందలమంది ఉపాధ్యాయులు ఆమెయొద్ద శిక్ష పొందిరి. 1940లో ఇటలీ యుద్ధమున దిగగా ఆమె శత్రుదేశపు మనిషి యయ్యెను. కుమారుడు మారియోను నిర్బంధించిరి. ఆమెను అడయారు దాటి పోరాదనిరి. ఆగష్టు 31న ఆమె డెబ్బదవ జన్మదినమున కుమారుని విడిచిపెట్టిరి. తరువాత కొంతకాలము కొడైకానలులో నుండెను. 1946లో వెడలిపోయి మఱల వచ్చి, 1949వఱకు రాకపోకలు సాగించెను. ఆమె గ్రంథములలో మిక్కిలి ప్రసిద్ధమైన ‘ది అబ్సార్బెంట్ మైండ్’ ఆ 1949లో చెన్నపట్టణముననే అచ్చుపడినది.

ఇంతవఱకు నడచినదంతయు పట్టణపు కథ. కొయ్యదిమ్మలకు డబ్బు కావలయును. ఈ చిక్కును విప్పినది తారాబాయి మోడక్. 1892లో పుట్టిన ఈమె భావనగరమున గిజుభాయితో కూడ పనిచేసి, 1926లో నూతన బాలశిక్షణ సంఘమున ఆయనకు తోడు నిలిచెను. 1945లో ఠాణా జిల్లాలోని బోర్డీ గ్రామమునకు పోయి, అనుతాయి వాఘ్‌తో కలిసి శిశుశాల తెఱచెను. కూలివాండ్రును గిరిజనులును పిల్లలను పంపలేదు. ఆ పిల్లలు మేకలు కాయవలయును, చంటివారిని ఎత్తుకొనవలయును. ‘పిల్లలు బడికి రానిచో బడియే పిల్లలయొద్దకు పోవలయును’ అను నిశ్చయముతో ఆమె వారి వాడలోనే, ఇంటిముంగిట, చెట్టునీడ పిల్లలను చేర్చెను. మొదట స్నానము, తల దువ్వుట, పిమ్మట ఆట. కొయ్యలకు బదులు గులకఱాళ్ళు, గవ్వలు, గింజలు, ఆకులు. చిన్నది పెద్దది, నున్ననిది గరుకుది, బరువు తేలిక: రోములో వడ్రంగి చేసినదెల్ల ఏటియొడ్డున ఊరక దొరకినది. అంగణమున జరుగు బడి గనుక దానికి ‘అంగణవాడి’ యని పేరు. మీ యూరి పలకమీద వ్రాసియున్న పేరు అక్కడినుండి వచ్చినది.

1975 అక్టోబరు 2వ తేదీన భారతప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి సేవలను 33 చోట్ల మొదలుపెట్టినప్పుడు ఆ పేరునే కైకొనినది. నేడు దేశమున అంగనవాడులు ఇంచుమించు 14 లక్షలు. పౌష్టికాహారము, టీకాలు, గర్భిణుల యోగక్షేమము, శిశువిద్య అన్నియు అందే. ఆకలిగొన్న బిడ్డ ఆడలేడు గనుక ఆహారము ముందు నిలుచుట తగినదే. కాని చిట్టాలు నింపుచు, సరుకు కొలుచుచు నుండు కార్యకర్తకు పిల్లలతో నేల కూర్చుండు తీరిక యెంత? 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వఱకు ఒక్క ఘట్టముగా చేసి, అది ఆటతోను అన్వేషణతోను నడువవలయునన్నది. 2022లో దానికి పాఠ్యప్రణాళికయు వెలువడినది. కాగితముమీద ఫ్రోబెలు గెలిచెను.

ఫలమేమని అడుగువారు గలరు. అమెరికాలో ఇప్సిలాంటి యను పట్టణమున 1962 మొదలు పేదకుటుంబముల పిల్లలు 123 మందిని రెండు జట్లు చేసి, 58 మందికి మాత్రము మంచి శిశుశాల చదువు చెప్పి, నలువదియేండ్ల వయస్సు వచ్చువఱకు గమనించిరి. బుద్ధిపరీక్షలలో మొదట కనబడిన ఆధిక్యము కొన్నియేండ్లలోనే అడగిపోయినది. అయినను పెద్దయైనపిదప చదువు ముగించుటలోను, సంపాదనలోను, చెఱసాలల పాలుగాకుండుటలోను ఆ 58 మందియే మేలుగా నుండిరి. బిడ్డ నేర్చినది లెక్కకంటె లోతైన వేఱొకటి యన్నమాట: మొదలుపెట్టినది ముగించుట, తనవంతు వచ్చువఱకు ఆగుట.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుంటిని. భాషాపండితుడనైనను చిన్నయూళ్ళ బడులలో ఒకటవ తరగతియు చూడవలసివచ్చెడిది. నూఱువఱకు గడగడ అప్పజెప్పు పిల్లవానిని ‘ఏడు చింతగింజలు తెమ్ము’ అన్నచో దోసెడు తెచ్చి పోయుట పలుమార్లు చూచితిని. ఒంట్లు రాకున్నను వామనగుంటలలో గింజలు పోసి ఆడిన పిల్ల ఏడే తెచ్చెడిది. మొదటివానికి సంఖ్య పాట. రెండవదానికి సంఖ్య వస్తువు. వానికి నేర్పినదానిని మఱపించి మఱల నేర్పుటకు ఒక సంవత్సరము పట్టెడిది. తలిదండ్రులు మాత్రము వానినే చదువరి యని మెచ్చుకొనుచుండిరి.

కనుక పెద్దలారా, వారమున ఒకనాడు మీ యూరి అంగనవాడికి పోయి ఒక గంట కూర్చుండుడు. పర్యవేక్షణకు కాదు, కథ చెప్పుటకు. కార్యకర్తకు ఆ గంట చిట్టాలకు మిగులును. ఇసుక ఒక బండెడు తోలించుడు. వానకు కొట్టుకొనిపోకుండ చుట్టును నాలుగు ఇటుకలు పేర్పించుడు. చింతగింజలను నోట బెట్టుకొను చంటివారికి దూరముగా నుంచి, నాలుగేండ్లు దాటినవారికి ఇయ్యుడు. పదునాలుగు గుంటల వామనగుంటల పీట యేయింటి అటకమీదనైన నుండకపోదు. దానిని దింపి, దుమ్ము తుడిచి, ఆ యింటి అవ్వనే తోడ్కొనిపోయినచో, ఆడు విధమును ఆమెయే చెప్పును.